బ్యాటుకు పసుపు కుంకుమ

దసరా ముందు రోజు, ఖండే నవమి నాడు పొద్దున్నే లేచి రాధాకిషన్ ఆ రోజు పనులను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మూడే తేలాయి. ఒకటి, నాందేడ్ వజీరాబాద్ పేటలోని తన బట్టల దుకాణంలో కత్తెరలకూ గజం బద్దకూ ఆయుధపూజ. రెండు, ఇంటికొచ్చి పప్పన్నం తిని గంటసేపు నడుం వాల్చడం. మూడు, నాలుగింటికి సమాజం హాలు మేడ మీదికి వెళ్ళి దిగంబర్‌ను టేబుల్ టెన్నిస్‌లో ఓడించడం. మొదటి రెండూ ఏటా జరిగేవే. మూడోది జరక్కపోతే మాత్రం ఆయన బతుకులోంచి రోజుకొక గంట పోతుంది.

నాందేడ్‌లోని తెలుగువాళ్ళు పెళ్ళిళ్ళ కోసం కట్టుకున్న ఆ హాలు మేడ మీద ఎవరో ఎప్పుడో కొన్న టేబులొకటి ఉంది. ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున ఆరింటికి రాధాకిషన్ అక్కడికి వెళ్ళి, ఎవరు దొరికితే వాళ్ళతో ఏడింటి దాకా ఆడి వస్తాడు. ఆ గంటలో ఎవరికీ ఏమీ అమ్మనక్కర్లేదు. ఎవరినీ దుకాణంలోకి పిలిచి కూర్చోబెట్టనక్కర్లేదు. అరవై రెండేళ్ళ మనిషి సంతోషంలో సగం ఆ గంటలోనే ఉంది. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగనూ లేదు.

దిగంబర్‌కు మోటారు పంపుల వ్యాపారం. రాధాకిషన్ భార్య సుందరబాయికి చిన్నాన్న కొడుకు, అంటే రాధాకిషన్‌కు బావమరిది. ఈ ఏడు హాలు కమిటీకి అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడయ్యాక ఏదో ఒకటి మార్చకపోతే బాగుండదు కాబట్టి, టేబులు తీసేసి ఆ జాగా వంటవాళ్ళకు ఇద్దామన్నాడు. టేబులు కావాలని నాయ్‌గావ్‌లో ఒక బడివాళ్ళు అడుగుతున్నారట. నేను రోజూ ఆడుతున్నాను కదా అని రాధాకిషన్ అడ్డుపడ్డాడు.

"నువ్వు ఆడుతవా బావా? గోడ కాడ నిలబడి అచ్చిన బంతిని అచ్చినట్టె పంపుతవు. దాన్ని ఆటంటరా?" అన్నాడు దిగంబర్, కమిటీ పదకొండు మంది ఎదుట.

రాధాకిషన్‌కు రోషం వచ్చింది. అయితే ఆడి తేల్చుకుందామన్నాడు. అయిదు గేముల ఆట. రాధాకిషన్ గెలిస్తే టేబులు ఉంటుంది, దిగంబర్ గెలిస్తే మెట్లు దిగుతుంది. కమిటీవాళ్ళు చప్పట్లు కొట్టి, నవమి నాడు హాలు ఖాళీగా ఉంటుందని ఆ రోజు ఖాయం చేశారు.

రాధాకిషన్ బ్యాటుకు ఎర్ర వైపు నున్నటి రబ్బరు, నల్ల వైపు పొడుగాటి బొడిపెల రబ్బరు. కిటుకంతా ఆ నల్ల వైపే. దిగంబర్ తన పంపుల తీరునే బలమంతా పెట్టి బంతిని గిర్రున తిప్పి కొడతాడు. అది బొడిపెలకు తగిలితే అవి వంగి, ఆ తిప్పుడును దానికే తిరిగి ఇచ్చేస్తాయి. అప్పుడు దిగంబర్ మామూలుగా కొడితే బంతి నెట్‌లో పడుతుంది. పోనీ ఎత్తి కొడదామని చూస్తే, ఈలోగా రాధాకిషన్ చేతిలోనే బ్యాటు తిప్పేసి నున్నటి వైపుతో తేలిగ్గా పంపి ఉంటాడు, బంతి టేబులు దాటి ఎటో పోతుంది. ఏ వైపుతో వస్తోందో ఎదుటివాడు చూసుకుంటాడనే రెండు వైపులకూ రెండు రంగులుండాలని ఆటలో నిబంధన పెట్టారు. దిగంబర్ కళ్ళు చికిలించి చూసుకునేవాడు, అయినా సగం సార్లు పొరపడేవాడు.

ఇక మిగిలింది ఓర్పు. నలభై చీరలు విప్పించి ఇంకో రంగు లేదా అని అడిగినావిడకు నలభై ఒకటో చీరను కూడా నవ్వుతూ విప్పే మనిషి రాధాకిషన్. టేబులుకు రెండు గజాల వెనక నిలబడి అదే నవ్వుతో బంతిని అడుగు నుంచి కోసి కోసి పంపేవాడు. కానీ ఆ ఓర్పును ఆయన ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. తన ఆటంతా ఆ నల్ల రబ్బరే అని ఆయన నమ్మకం.

దుకాణంలో పూజ ముగించుకుని పదిన్నరకు ఇల్లు చేరి, బ్యాటును ఒకసారి తుడిచి పెట్టుకుందామని సంచీ తీశాడు. సంచీ ఖాళీగా ఉంది. అలమారలో లేదు, మంచం కింద లేదు. చివరికి దేవుడి గది గుమ్మంలో నిలబడి చూస్తే, పీట మీద కొడవలి, కత్తిపీట, సుందరబాయి కుట్టు మిషను సూదుల డబ్బా, కోడలు స్నేహల్ ల్యాప్‌టాప్, వాటి నడుమ ఆయన బ్యాటు కనిపించాయి. నల్ల వైపు పైకి ఉంది. ఆ వైపంతా తడి పసుపు మెత్తి, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు పెట్టి, అక్షింతలు చల్లి, పైన బంతిపువ్వు ఉంచారు.

మామయ్యకు ఇవాళ మ్యాచ్ ఉందని స్నేహల్ చెప్పిందట. అది విని సుందరబాయి మనసు కరిగిందట. ఈ సంగతి ఆమే ఎంతో మురిపెంగా చెప్పింది.

"ఇన్నేండ్లల్ల దీనికి ఒక్కనాడు బొట్టు వెట్టలేదు. మీ కత్తెరకు వెట్టి దీనికి వెట్టకపోతె ఎట్ల? రేపు పొద్దుగూకినంక, బంగారం పంచినంక తీస్త. అందాక ఎవ్వలు ముట్టొద్దు."

ఇది సుందరబాయి పుట్టిల్లు కుండల్‌వాడి పద్ధతి. నవమి నాడు పీట ఎక్కిన పనిముట్టు దసరా సాయంత్రం జమ్మిలా బంగారమని పంచుకునే ఆప్టా ఆకులు చేతులు మారేదాకా దిగదు. అందుకని ఆ ఇంట్లో ఆ రెండు రోజులూ కూరగాయలు తరగరు, పప్పుతో సరిపెట్టుకుంటారు. ల్యాప్‌టాప్ పీట ఎక్కినందుకు స్నేహల్ ఆఫీసుకు సెలవు పెట్టుకుంది. రాధాకిషన్ పసుపు నిండిన బొడిపెల వైపు చూశాడు. ఎండితే అవి ఇక వంగవు. ఇరవై రెండేళ్ళలో భార్య తన ఆటను పట్టించుకోవడం ఇదే మొదలు. ఆ మురిపెం చూశాక, ఎంత పని చేశావే అనడానికి ఆయనకు నోరు రాలేదు. బాగుంది అన్నాడు.

మ్యాచ్ వాయిదా వేయించడం తప్ప దారి కనిపించలేదు. ఉన్నమాట చెబుదామంటే, బ్యాటు పూజలో కూర్చుందని దిగంబర్ ఊరంతా చెప్పి నవ్వుతాడు. మేడెక్కి ఫోను చేసి, మోకాలు వాచింది, మెట్లు ఎక్కలేను, ఎల్లుండికి పెట్టుకుందాం అన్నాడు. దిగంబర్ ఎగతాళి చేస్తాడనీ, భయపడ్డావా అంటాడనీ ఎదురుచూశాడు.

"అయ్యో బావా, నీ పాణం కన్న ఆట ఎక్కువనా? ఎల్లుండే ఆడుదం. కాలు చాపుకొని పండుకో నువ్వు" అన్నాడు దిగంబర్ ఎంతో మెత్తగా.

ముప్ఫై ఏళ్ళ చుట్టరికంలో ఆ గొంతు అంత మెత్తగా రాధాకిషన్ ఎప్పుడూ వినలేదు. ఇంత మంచివాడికి అబద్ధం చెప్పానే అని సిగ్గుపడుతూ మేడ దిగాడు.

కింద ఫోనులో సుందరబాయి ఆ మోకాలి గురించే మాట్లాడుతోంది. దిగంబర్ భార్య కాశీబాయి, వదినా, అన్నయ్యకు మోకాలు వాచిందట కదా అని పరామర్శకు ఫోను చేసింది. సుందరబాయి తన లెక్కలో తాను ఆలోచించింది. పొద్దున దుకాణం మెట్లెక్కాడు, పూజలో బాసింపట్టు వేసుకుని గంట కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు. అంటే పండగ పూట ఇంట్లోవాళ్ళు బాధపడతారని నొప్పినంతా దిగమింగాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీకు బాగలేదని నాకు కాశీబాయి చెప్పాల్నా? కూసోండ్రి అక్కడ" అంది.

ఆయన కాదు కూడదు అన్న కొద్దీ, నొప్పి దాస్తున్నాడని ఆమెకు ఇంకా నమ్మకం కుదిరింది. మంచం మీద కూర్చోబెట్టి, ఆముదం వేడి చేసి రాసి, ఆముదపాకులు కప్పి, దుకాణం నుంచి తెచ్చిన కొత్త పాప్లిన్ గుడ్డతో తొడ నుంచి పిక్క దాకా కట్టేసింది. ఏ మోకాలో ఎవరూ అడగలేదు కాబట్టి కుడి మోకాలికి కట్టింది. అన్నం మంచం దగ్గరికే తెచ్చింది. పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. రాధాకిషన్‌కు ఒక పక్క సిగ్గుగానే ఉంది. ఇంకో పక్క, పెళ్ళైన కొత్తలో తప్ప ఎరగని ఆ సేవ మహా సుఖంగా ఉంది. మ్యాచ్ ఎల్లుండికి పోయింది, బ్యాటు అప్పటికి కిందికి దిగుతుంది, ఈలోగా ఈ సుఖం ఉండనే ఉంది. ఆయనకు కునుకు పట్టింది.

మూడున్నరకు ఫోను మోగింది. హాలు మేనేజరు మారోతి చాలా మర్యాదస్తుడు.

"సేట్, టేబుల్ దించుతున్నం. నెట్ మీ సొంతందని యాదికచ్చింది. ఇంటికి పంపాల్నా, నాయ్‌గావ్ పంపాల్నా?"

జరిగిందేమిటంటే, దిగంబర్ మారోతికి ఫోను చేసి, మ్యాచ్ లేదు, బావకు ఆడడం చేత కావడం లేదని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఎల్లుండి అన్న మాట చెప్పలేదు. అంటే రాధాకిషన్ సేట్ ఓటమి ఒప్పుకున్నాడని మారోతి అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే కుర్చీలు దించడానికి పోశన్న టెంపో వేసుకుని వచ్చాడు. రేపు దసరా, బండి దొరకదు. దొరికినప్పుడే పని కానిద్దామని మారోతి ముందుచూపుతో టేబులు ఎత్తించాడు.

రాధాకిషన్ మంచం మీద నుంచి ఒక్క ఉదుటున లేచి, చెప్పులు వేసుకుని, వీధిలోకి వచ్చి ఆటో ఎక్కాడు. హాలుకు పోయి వస్తాననడం తప్ప ఇంకేమీ చెప్పలేదు. కట్టు బిగువుకు కుడి కాలు వంగక ఆయన కుంటుకుంటూ పరుగెత్తడం చూసి సుందరబాయి గుండె చెరువైంది. మిగిలిన ఆముదపాకులు చేతపట్టుకుని స్నేహల్ స్కూటరు వెనక కూర్చుని ఆటో వెంట పడింది.

వాళ్ళు వెళ్ళేసరికి హాలు మెట్ల మీద టేబులు సగం ముక్క ఉంది. కింద పోశన్న, పైన ఇంకొకడు పట్టుకుని మలుపు తిప్పలేక అవస్థ పడుతున్నారు. రాధాకిషన్ అడ్డం పడి, దించొద్దు, ఎత్తండి పైకి అన్నాడు. పోశన్న చేతులు నొప్పెడుతున్నాయన్నాడు. రాధాకిషన్ వంగి, కింది అంచు తానే పట్టుకుని, ఆ సగం టేబులును పద్దెనిమిది మెట్లూ వెనక్కి ఎక్కించి మేడ మీద రెండో సగం పక్కన నిలబెట్టాడు. కట్టు ఎక్కడో మధ్యలో ఊడిపోయింది. ఆముదపాకులు మెట్టుకొకటి రాలాయి. నిలబెట్టి, చేతులు దులుపుకుని, వెనక్కి తిరిగేసరికి సుందరబాయి ఎదురుగా నిలబడి ఉంది.

ఆమె ఆయన మోకాలి వైపు చూసింది. అది ఎప్పుడూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. అదే సమయానికి దిగంబర్, కాశీబాయి కూడా మెట్లెక్కి వచ్చారు. నొప్పికి రాసే తైలం సీసా పట్టుకుని బావను చూడబోతే ఇంటికి తాళం వేసి ఉందట, పక్కింటివాళ్ళు చెబితే ఇటు వచ్చారట.

"మోకాలు?" అంది సుందరబాయి.

ఇక లాభం లేదు. రాధాకిషన్ ఉన్నదంతా చెప్పేశాడు. మోకాలికి ఏమీ కాలేదు, బ్యాటు పీట మీద ఉంది, నువ్వు అంత ముచ్చటపడి పెట్టావు, తియ్యమనడానికి మనసొప్పలేదు, అందుకని వాయిదా అడిగాను. చెబుతున్నంత సేపూ ఆయన భార్య మొహం చూడలేదు. సుందరబాయికి కోపం రావలసిందే. కానీ మనసొప్పలేదన్న మాట దగ్గర ఆమె కోపం ఆగిపోయి, ఆముదపాకులు కొంగు చాటుకు వెళ్ళాయి.

దిగంబర్ మాత్రం అందుకున్నాడు. ఇంత వయసొచ్చి అబద్ధాలేమిటి బావా, ఆట అంటే నీకు గౌరవం లేదు, నేనే అయితే ఇలాంటి పని చేసేవాణ్ణి కాదు అని అధ్యక్షుడి గొంతుతో మొదలుపెట్టాడు. కాశీబాయి తైలం సీసా మూత బిగిస్తూ నెమ్మదిగా అంది.

"మీ బ్యాటు గూడ పీట మీదనే ఉన్నది గద. పొద్దున్నుంచి దాని సుట్టే తిరుగుతున్నరు."

కాశీబాయి మెట్టిన ఇల్లూ కుండల్‌వాడిదేనన్న సంగతి అందరికీ అప్పుడు గుర్తుకొచ్చింది. పొద్దున ఫోనులో ఆ మెత్తదనం ఎందుకొచ్చిందో రాధాకిషన్‌కు అర్థమైంది.

ఎల్లుండే ఆడుకుందామని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. పోశన్న ఒప్పుకోలేదు. టేబులు ఎక్కించమంటే ఎక్కిస్తాను, వద్దంటే పోతాను, నా బండి దగ్గర ఎల్లుండి ముచ్చట చెప్పొద్దన్నాడు. మారోతి స్టోరు గది తాళం తీసి, ఎప్పుడో హాలుకు కొన్న రెండు బ్యాట్లు దుమ్ము దులిపి తెచ్చాడు. రెండూ ఒకటే రకం. రెండు వైపులా అదే వెలిసిపోయిన ఎర్ర రబ్బరు, అరిగి చెక్కలా గట్టిపడింది. వీటితోనే కానియ్యండి అన్నాడు.

ఆ బ్యాటు చేతికి తీసుకున్నప్పుడు రాధాకిషన్‌కు దుఃఖం వచ్చింది. నల్ల వైపు లేకుండా తానేం చేయగలడు. రేపటి నుంచి పొద్దున ఆరింటికి ఎక్కడికి పోవాలో కూడా ఆలోచించేశాడు. గోదావరి ఒడ్డున నడక చాలామంది చేస్తారు. తానూ చేయాలి.

మొదటి గేము అలాగే పోయింది, నాలుగు పదకొండు. మారోతి గోడ మీద సుద్దముక్కతో గీసి అంకెలు వేశాడు. రెండో గేములో ఒక బంతి దగ్గర రాధాకిషన్ చేయి, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ, దానంతట అదే బ్యాటును చిటుక్కున తిప్పేసింది. తిప్పి లాభం లేదు, రెండు వైపులా ఒకటే. కానీ దిగంబర్ చూశాడు. చూసి, ఇది బొడిపెల బంతి అనుకుని, బలంగా ఎత్తి కొట్టాడు. బంతి పైకప్పు దగ్గరి ఫ్యాను దాకా పోయింది.

రాధాకిషన్ ఒక క్షణం ఆగి, మళ్ళీ తిప్పాడు. దిగంబర్ మళ్ళీ ఎత్తాడు. బొడిపెలు లేవు కదా అని మూడోసారి గుర్తు తెచ్చుకుని నేరుగా కొడితే, మామూలు కోతకే బంతి నెట్‌లో పడింది. నాలుగోసారికి ఏది ఉందో ఏది లేదో తేల్చుకోలేక బ్యాటు ఆడించనే లేదు. లేని రబ్బరుకు దిగంబర్ అంతగా భయపడతాడని రాధాకిషన్ ఏనాడూ అనుకోలేదు. తిప్పుతూనే ఉన్నాడు, రెండు గజాల వెనక నిలబడి నవ్వుతూ కోసి పంపుతూనే ఉన్నాడు. ఒక్కో బంతి ముప్ఫై సార్లు, నలభై సార్లు అటూ ఇటూ తిరిగింది. టెంపో పోతుందన్న పోశన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సుందరబాయి కూడా కూర్చుంది. పొద్దున్నే ఈయన ఎక్కడికి పోతాడో ఆమెకు తెలుసు కానీ ఏం చేస్తాడో ఎప్పుడూ చూడలేదు. దిగంబర్ చెమటలు కక్కుతూ కొడుతున్నాడు, ఈయన చీర మడతపెట్టినంత తాపీగా తిప్పి పంపుతున్నాడు. చూడగా చూడగా ఆమెకు ముచ్చటేసింది.

"దుకాణంల నిలబడ్డట్టె నిలబడ్డరు మీ మామయ్య" అంది స్నేహల్‌తో.

రెండోది రాధాకిషన్‌ది, మూడోది దిగంబర్‌ది, నాలుగోది మళ్ళీ రాధాకిషన్‌ది. అయిదో గేము పది పది దాకా వచ్చింది. అక్కడ ఒక పాయింటు రాధాకిషన్ గెలిచాడు. ఆఖరి బంతి దగ్గర అసలు బ్యాటు తిప్పలేదు. తిప్పలేదేమిటా అని దిగంబర్ ఆలోచనలో పడ్డాడు, బంతి అతని పక్క నుంచి వెళ్ళి గోడకు తగిలి మారోతి కాళ్ళ దగ్గర ఆగింది. మారోతి గోడ మీద పన్నెండు వేసి, కింద రెండు గీతలు గీశాడు. పోశన్న లేచి, కుర్చీలు మాత్రం దించుకుని వెళ్ళిపోయాడు.

దిగంబర్ నడుం మీద చేతులు పెట్టుకుని, ఇది ఆటే బావా, ఒప్పుకున్నాను అన్నాడు. ఇన్నేళ్ళూ రబ్బరు చేసిందనుకున్నదంతా తాను చేసినదేనని రాధాకిషన్‌కు అరవై రెండో ఏట తెలిసింది. ఆ సంతోషంలో నెట్ విప్పి మళ్ళీ కట్టాడు.

దసరా సాయంత్రం బంగారం పంచుకున్నాక సుందరబాయి కొడవలిని దించింది, కత్తిపీటను దించింది, ల్యాప్‌టాప్ తుడిచి స్నేహల్‌కు ఇచ్చింది. బ్యాటు దగ్గరికి వచ్చేసరికి దాన్ని దించకుండా, ఇంకాస్త కుంకుమ అద్ది, దేవుడి పటం పక్కన గోడకు ఆనించింది. రాధాకిషన్ అడిగితే ఆశ్చర్యంగా చూసింది.

"ఇక్కడ కూసొనే గెలిపిచ్చింది గద. మల్ల దాన్ని కష్టపెట్టుడెందుకు?"

గెలిచింది నేను అని ఆయన చెప్పి చూశాడు. చేతిలో ఏముంది మరి, ఉత్త చెక్క కదా అని ఆమె అడిగింది. మర్నాడు పొద్దున ఆరింటికి ఆయన హాలు బ్యాటుతోనే వెళ్ళాడు. దిగంబర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. పొడుగు బొడిపెల నల్ల రబ్బరు బ్యాటొకటి తనకూ తెప్పించుకుంటున్నానని చెప్పాడు, హుషారుగా.

అది వారం లోపే వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరిలో ఒకరోజు ఒకరు, ఒకరోజు ఇంకొకరు గెలుస్తున్నారు. రాధాకిషన్ గెలిచి వచ్చిన రోజు సుందరబాయి బ్యాటు దగ్గర ఒక పువ్వు ఎక్కువ పెడుతుంది. ఓడి వచ్చిన రోజు మాత్రం బ్యాటును ఏమీ అనదు, ఆయన్నే అంటుంది.